గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను

ప్రశ్న: నా వయసు 36. ఆరేళ్లు ఒక ఆఫీసులో అకౌంట్స్ చూశాను. మామగారికి పక్షవాతం రావడంతో ఉద్యోగం మానేశాను. ఆయన్ని చూసుకోవడం, బాబును పెంచడంతో ఎనిమిదేళ్లు గడిచిపోయాయి. రెండేళ్ల క్రితం మామగారు పోయారు. (ఒకసారి అర్ధరాత్రి ఆయనకు ఊపిరాడకపోతే ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అంబులెన్స్ పిలిచి ఆస్పత్రిలో చేర్చాను. అప్పుడు లేని భయం ఇప్పుడెందుకో అర్థం కావడం లేదు.) మళ్లీ ఉద్యోగం చేయాలని ఉంది. రోజూ రాత్రి పడుకునే ముందు స్ఫూర్తినిచ్చే వీడియోలు చూస్తాను. చూస్తున్నంతసేపూ ఏదైనా చేసేయగలను అనిపిస్తుంది. తెల్లారేసరికి ఏమీ ఉండదు. పోయిన నెల ఇంటర్వ్యూకి పిలిస్తే ఆ ఆఫీసు గేటు దాకా వెళ్లి, చెమటలు పట్టి వెనక్కి వచ్చేశాను. ఇంట్లో మాత్రం ‘ఆ పోస్టులో ఎవరినో తీసేసుకున్నారట’ అని చెప్పాను. మా అక్క, ‘ఒంటి కాలితో ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయి ఉంది, నువ్వు ఇంటర్వ్యూకి కూడా వెళ్లలేవా’ అంటుంది. మా వారు మంచివారే. ‘నువ్వు చేయగలవు’ అంటూనే ఉంటారు. ఆ మాట వింటే ఇంకా టెన్షన్ వస్తోంది. నాలో ధైర్యం అనేదే లేదా?

జవాబు: ముందు మీ అక్కగారి మాట గురించి మాట్లాడుకుందాం. మీకు బాగా గుచ్చుకున్నది అదేనని ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది.

ఆవిడ చెబుతున్నది అరుణిమా సిన్హా గురించి. జాతీయ స్థాయి వాలీబాల్ క్రీడాకారిణి. 2011 ఏప్రిల్‌లో కదులుతున్న రైల్లోంచి దొంగలు ఆమెను కిందకి తోసేశారు. ఎడమ కాలిని మోకాలి కింద నుంచి తీసేయాల్సి వచ్చింది. 2013 మే 21న ఆమె ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది. కథ ఎవరు చెప్పినా ఈ రెండు తేదీలే చెబుతారు, మధ్యలో గడిచిన రెండేళ్లను వదిలేస్తారు. మీకు ఉపయోగపడేదంతా ఆ రెండేళ్లలోనే ఉంది.

కృత్రిమ కాలు పెట్టుకున్నాక ఆమె బచేంద్రీ పాల్ దగ్గరకి వెళ్లింది. 1984లో ఎవరెస్ట్ ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్. అంటే ఆ దారిలో ముందే నడిచిన మనిషిని వెతుక్కుని వెళ్లి ఎదురుగా కూర్చుంది. తర్వాత శిక్షణ మొదలైంది. మిగతావాళ్లు నిమిషాల్లో నడిచే దూరానికి మొదట్లో తనకు గంటలు పట్టేదని అరుణిమే చెప్పింది. కాలి పుండు నొప్పి, అందరికన్నా వెనక పడిపోవడం, మర్నాడు మళ్లీ అదే దారి. నెలల తరబడి నడిచాక వేగం వచ్చింది. ముందు చిన్న పర్వతాలు ఎక్కింది, తర్వాతే ఎవరెస్ట్.

ఆ మొదటి వారాల్లో అరుణిమ వెనకబడి నడుస్తున్నప్పుడు ఎవరైనా ఆమెకు ఇంకొకరి శిఖరం చూపించి ‘అంతమాత్రం చేయలేవా’ అని ఉంటే ఎలా ఉండేదో ఆలోచించండి. ఒక మనిషి జీవితాన్ని ఇంకో మనిషిని కొట్టడానికి కర్రలా వాడితే అందులో స్ఫూర్తి మిగలదు, దెబ్బే మిగులుతుంది. అక్కగారు మీ మీద ప్రేమతోనే అని ఉంటారు, అందులో నాకు అనుమానం లేదు. అయినా ఆ మాట వల్ల మీకు సిగ్గు తప్ప ఏమీ రాలేదు. సిగ్గుపడే మనిషి దాక్కుంటుంది. ఇంట్లో మీరు చెప్పిన ఆ అబద్ధం అలా దాక్కోవడమే.

దీని గురించి ఒక పరిశోధన ఉంది. మీ రంగానికి సంబంధించింది కాబట్టి చెబుతున్నాను. 1997లో పెనెలోపీ లాక్‌వుడ్, జీవా కుందా అనే మనస్తత్వవేత్తలు కెనడాలో అకౌంటింగ్ చదువుతున్న విద్యార్థులకు, అదే చదువులో అద్భుతంగా రాణించిన ఒక సీనియర్ గురించి రాసిన వ్యాసం ఇచ్చారు. మొదటి సంవత్సరం విద్యార్థులకు అది చదివాక తమ మీద తమకు నమ్మకం పెరిగింది. ‘నాకూ టైముంది, నేనూ అలా అవ్వచ్చు’ అనుకున్నారు. చివరి సంవత్సరం వాళ్లకు అలా జరగలేదు. చదివింది అదే వ్యాసం. తమకు ఇంకా దారి మిగిలి ఉందని అనిపించిన వాళ్లకే అది ఉత్సాహాన్నిచ్చింది. రాత్రి వీడియోలు చూస్తున్నప్పుడు మీరు మొదటి సంవత్సరం విద్యార్థిలా ఉంటున్నారు. పొద్దున్న లేచి ‘36 ఏళ్లు, ఎనిమిదేళ్ల గ్యాప్’ అని గుర్తొచ్చేసరికి చివరి సంవత్సరం విద్యార్థి అయిపోతున్నారు. తప్పు మీ మనసుది కాదు.

వీడియోల సంగతి ఇంకొంచెం చెప్పాలి. చూడటం మానేయమని అనను. కానీ వాటిని చూడటం ఎంతవరకు పనికొస్తుందో 1969లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా, ఆయన సహచరులు పాములంటే విపరీతంగా భయపడే వాళ్లతో చేసిన ప్రయోగంలో తేలింది. కొందరికి, పాములను భయం లేకుండా పట్టుకుంటున్న మనుషుల సినిమా చూపించారు. ఇంకొందరికి ఒక మనిషిని తోడిచ్చారు. ఆ మనిషి ముందు తను పామును పట్టుకుని చూపిస్తాడు. తర్వాత వీళ్లు గ్లవ్స్ తొడుక్కుని తాకుతారు, తర్వాత గ్లవ్స్ తీసి తాకుతారు, ఆ తర్వాత చేత్తో పట్టుకుంటారు. ఒక్కో మెట్టు దగ్గరా అతను పక్కనే ఉంటాడు. భయం తగ్గుతున్నకొద్దీ అతనూ మెల్లగా తప్పుకుంటాడు. సినిమా చూసిన వాళ్లకూ కొంత మేలు జరిగింది. కానీ పక్కన మనిషి ఉండగా తమ చేత్తో తాకిన వాళ్లలో దాదాపు అందరికీ ఆ భయం పోయింది. మీరు ఇన్నాళ్లూ సినిమా చూశారు. ఇంకా గ్లవ్స్ తొడుక్కోలేదు, అంతే.

ఇప్పుడు గేటు దగ్గరికి వద్దాం. వెనక్కి తిరిగి రోడ్డు మీదికి రాగానే, ఒక్క నిమిషమైనా గుండెల మీంచి బరువు దిగినట్టు అనిపించి ఉంటుంది. చాలామందికి అలాగే అనిపిస్తుంది. ఆ హాయే అసలు చిక్కు. ‘పారిపోతే భయం తగ్గుతుంది’ అని శరీరం ఆ క్షణంలో నేర్చేసుకుంటుంది. తర్వాతిసారి ఇంకా ముందే వెనక్కి లాగుతుంది. ఈసారి గేటు దగ్గర తిరిగొచ్చిన వాళ్లం వచ్చేసారి ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతాం. అలాగని దీనికి మందు పళ్లు బిగబట్టి లోపలికి దూసుకెళ్లడం కాదు. అక్కడే కాసేపు ఆగడం. భయం ఒక ఎత్తుకు చేరాక ఎక్కువసేపు అలాగే ఉండలేదు, మనం కదలకుండా ఉంటే దానంతట అదే దిగుతుంది. అది దిగడం మీరు ఒక్కసారి కళ్లారా చూస్తే చాలు, ఆ అనుభవం మీకు వంద వీడియోలు ఇవ్వలేనిది ఇస్తుంది.

కౌన్సెలింగ్ నేర్చుకునే రోజుల్లో మొదటిసారి ఒక కుటుంబంతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు నా చేతులు చల్లబడిపోయాయి. నాకు నేర్పిన పెద్దావిడ ధైర్యవచనాలేమీ చెప్పలేదు. గదిలో నా వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. రెండోసారి కుర్చీ తలుపు దగ్గరికి జరిగింది. మూడోసారి ఆవిడ బయట కూర్చున్నారు. ఇప్పటికీ ఎవరైనా ‘ధైర్యం ఎలా వస్తుంది’ అని అడిగితే నాకు ఆ కుర్చీయే గుర్తొస్తుంది.

మీకు అలాంటి కుర్చీ ఎవరు వేయగలరు? కొన్నేళ్లు ఇంట్లో ఉండిపోయి తిరిగి ఉద్యోగంలో చేరిన ఒక మనిషిని వెతకండి. పాత సహోద్యోగుల్లోనో, బంధువుల్లోనో, బాబు స్కూల్లో కలిసే తల్లుల్లోనో అలాంటి వాళ్లు తప్పకుండా ఒకరుంటారు. పెద్ద పదవిలో ఉండక్కర్లేదు, మీకంటే రెండడుగులు ముందున్న మనిషైతే చాలు. ఆమెను ‘ఎలా సాధించారు’ అని అడగకండి. అలా అడిగితే ఎవరైనా గెలుపు కథే చెబుతారు. ‘మొదటి రోజు ఎక్కడ తడబడ్డారు, కొత్త సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నప్పుడు ఏం చేశారు, ఇంటికొచ్చి ఏడ్చారా, మర్నాడు మళ్లీ ఎలా వెళ్లారు’ అని అడగండి. భయపడుతూనే పని చేసిన వాళ్ల మాట మనకు త్వరగా ఎక్కుతుంది. వీలైతే ఒక రోజు ఆమె ఆఫీసుకు వెళ్లి పది నిమిషాలు రిసెప్షన్‌లో కూర్చుని రండి. ఏ ఇంటర్వ్యూ లేకుండా, ఊరికే. గ్లవ్స్ అంటే ఇదే.

మీ వారితో మాత్రం ఈ వారంలోనే నిజం చెప్పేయండి. ‘పోస్టు అయిపోలేదు, నేనే భయపడి వచ్చేశాను’ అని రెండు ముక్కల్లో. ఆయన ‘నువ్వు చేయగలవు’ అన్నప్పుడల్లా మీకు టెన్షన్ రావడానికి కారణం ఉంది. మీరు దాచిన విషయం ఆయనకు తెలియదు కాబట్టి, ఆ నమ్మకం వేరెవరి మీదో పెట్టినట్టు మీకు అనిపిస్తోంది. మీరు వెనక్కి వచ్చారని తెలిశాక కూడా ఆయన అదే మాట అంటే, అప్పుడది మీకే చెందుతుంది.

ఇది మీ వారికి కూడా చదివి వినిపించండి. 1979 ఆగస్టు 10న ఇస్రో ప్రయోగించిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టుకు డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరుల ముందుకు మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ వెళ్లారు. వైఫల్యానికి బాధ్యత తీసుకుని, తన బృందం మీద తనకు నమ్మకం ఉందని చెప్పారు. 1980 జులై 18న ప్రయోగం విజయవంతమైంది. ఈసారి విలేకరులతో మాట్లాడమని కలాంను ముందుకు పంపారు. కలాం ఈ సంగతి జీవితాంతం చెబుతూనే ఉన్నారు. ఓడిపోయిన రోజున పక్కన నిలబడ్డ మనిషిని ఎవరూ మర్చిపోరు. ‘చేయగలవు’ అనే మాట బదులు మీ వారు చేయగలిగిన పని ఒకటుంది. రాత్రి అరగంట టేబుల్‌కి అటువైపు కూర్చుని ఇంటర్వ్యూ చేసే మనిషిలా ప్రశ్నలు అడగమనండి. మొదటి ప్రశ్న మీకు ఎక్కువ భయం కలిగించేదే కావాలి: ‘ఈ ఎనిమిదేళ్లూ ఏం చేశారు?’ జవాబు పొడవుగా వద్దు, సంజాయిషీ అసలే వద్దు. ‘ఇంట్లో మంచాన పడిన పెద్దాయన బాధ్యత చూసుకున్నాను. ఇప్పుడు ఆ బాధ్యత తీరింది. అకౌంట్స్‌లో నాకు ఆరేళ్ల అనుభవం ఉంది, కొత్తగా వచ్చినవి నేర్చుకుంటున్నాను.’ ఇంతే. నోరు తిరిగేదాకా, పదిసార్లయినా సరే బయటికి అనండి. రెండోది, మూడోది ఆయన ఇష్టం.

అక్కగారికి కోపంగా జవాబు చెప్పకండి. ‘అక్కా, ఆ అమ్మాయి కథ నాకిష్టమే. కానీ నువ్వు నాతో ఆ ఆఫీసు దాకా వస్తే ఇంకా బాగుంటుంది’ అనండి. వస్తారనే నా నమ్మకం.

ఇక మీ ఉత్తరంలో బ్రాకెట్లో పెట్టిన ఆ అర్ధరాత్రి గురించి. అక్కర్లేని విషయంలా బ్రాకెట్లో ఎందుకు పెట్టారమ్మా దాన్ని? అప్పుడు భయం లేదని రాశారు. నేను నమ్మను. చేతులు వణికే ఉంటాయి. కానీ ఏ నంబరుకు ఫోన్ చేయాలో, ఆయన్ని ఎలా కూర్చోబెట్టాలో, మందుల ఫైలు ఏ అరలో ఉందో మీకు తెలుసు. ఎన్నో నెలలుగా రోజూ చేసిన పని అది. భయం ఒక పక్క ఉంది, చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. కూర్చుని ఆ రాత్రిని వరసగా రాయండి: ముందు ఏం చేశారు, తర్వాత ఏం చేశారు. పొగడ్తలు వద్దు, చేసిన పనులు మాత్రమే. అంబులెన్స్‌లో ఎక్కేసరికి కనీసం ఎనిమిది, పది పనులు తేలతాయి. ఆ కాగితం పారేయకండి.

ఆ రాత్రికీ ఈ గేటుకీ తేడా ఏమిటంటే, అప్పుడు తర్వాత ఏం చేయాలో ముందే నిర్ణయమై ఉంది. గేటు దగ్గర మీకు అలాంటిదేమీ లేదు. అక్కడ నిలబడి అప్పుడు ఆలోచించారు. భయంలో ఉన్నప్పుడు ఆలోచన ఎప్పుడూ వెనకదారే చూపిస్తుంది. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త చాలా ఏళ్లు ఇదే విషయం మీద పనిచేశారు. ‘బాగా చేయాలి’ అనుకున్న వాళ్లకన్నా ‘ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను’ అని ముందే తేల్చుకున్న వాళ్లు అనుకున్న పని ఎక్కువగా పూర్తి చేస్తారని ఆయన పరిశోధనల్లో తేలింది. మీకూ అలా ముందే తేల్చుకుని రాసుకున్న కాగితం ఒకటి కావాలి.

ఒక్క జాగ్రత్త. ఈ భయంతో పాటు రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, బతకడం ఎందుకు అనిపించడం లాంటివి ఉంటే నా సలహాలు పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌ని కలవండి. అన్నేళ్లు ఒక మనిషిని మంచం పక్కనే ఉండి చూసుకుని, ఆయన్ని పోగొట్టుకున్నారు. ఆ అలసట గురించి, ఆ దుఃఖం గురించి ఉత్తరంలో ఒక్క మాట కూడా రాయలేదు. దాని గురించి కూడా ఎవరితోనైనా మాట్లాడండి.

కాగితం మీద మొదటి లైను నేను రాసి పంపిస్తున్నాను: ‘గేటు దగ్గర కాళ్లు ఆగిపోతే, వెనక్కి తిరగను. గోడ పక్కన నిలబడి గడియారం చూసుకుంటూ పది నిమిషాలు ఉంటాను.’ రెండో లైను, పది నిమిషాలు అయ్యాక ఏం చేస్తారన్నది, మీరు రాసి నాకు పంపండి.