మఠంలో చేరాలనుకుంటున్న మేనల్లుడికి

అల్లుడా,

రామకృష్ణ మఠంలో చేరతానని రాశావు. నిన్ను ఆపడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఎలా వెళ్తే మంచిదో నాకు తెలిసినంత చెప్తాను.

నీ ఉత్తరం నిండా వివేకానందుడే ఉన్నాడు. 1893 ఫిబ్రవరిలో ఆయన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ప్రసంగించిన సంగతి నీకు చిన్నప్పుడు చెప్పింది నేనే. కానీ రామకృష్ణులకు సన్యాసి శిష్యులు 16 మంది. మఠంలో నీ రోజులు చికాగో వేదిక మీద గడవవు, మిగతావాళ్లు చేసిన పనుల్లోనే గడుస్తాయి. అందుకే ముందు శశి గురించి చదువు. ఆయనే రామకృష్ణానంద స్వామి.

1886 ఆగస్టు 16న గురువు పోయాక ఆ కుర్రాళ్లు కలకత్తా దగ్గర బరానగర్‌లో ఒక పాత కొంపలో చేరారు. దయ్యాలున్నాయని పేరుపడ్డ ఇల్లు. అద్దె ఒక భక్తుడు కట్టేవాడు. కొన్ని రోజులు అన్నంలోకి ఉప్పు, ఉడకబెట్టిన దొండాకు తప్ప ఇంకేమీ లేదు. మన దొడ్లో కంచెకు పాకే దొండే! ధ్యానంలో పడి తిండి మరిచినవాళ్లను శశి లాక్కొచ్చి మరీ తినిపించేవాడు. అందరూ తీర్థయాత్రలకు పోతుంటే ఆయన మాత్రం గురువు అస్థికలున్న పూజగదిని వదిలి కదల్లేదు. అంతటివాడు 1897లో వివేకానందుడు మద్రాసు పొమ్మంటే మారుమాట లేకుండా పోయాడు. అక్కడ పూజా తనదే, వంటా తనదే, ఊరంతా తిరిగి తరగతులు చెప్పడమూ తనదే. ఒకరోజు వినడానికి ఒక్కరూ రాకపోతే ఖాళీ గదిలోనే పాఠం చెప్పి వచ్చాడంటారు. ఆ ఖాళీ గదిలో నువ్వైతే ఏం చేస్తావో నిజాయితీగా ఆలోచించుకో. నా దృష్టిలో నీకు అసలు పరీక్ష అదే.

చదువు విషయంలో నీకు టెన్షన్ వద్దు. ఆ శిష్యుల్లోనే ఒకడు, బీహార్‌లోని ఛాప్రా వైపు నుంచి వచ్చిన లాటూ, ఒక భక్తుడి ఇంట్లో పనివాడు. సాక్షాత్తూ గురువే అక్షరాలు నేర్పబోయినా ఆయనకు రాలేదు. ఆయనే అద్భుతానంద స్వామి అయ్యాడు. అలాగని ఇప్పుడు చదువు అడగరని కాదు. నీ డిగ్రీ సర్టిఫికెట్లు భద్రంగా పెట్టుకో.

ఇక పద్ధతి. ఇది మండల దీక్ష పట్టి, మాల తీసేసి మళ్లీ పనిలోకి పోయే వ్యవహారం కాదు. ముందు ఏదైనా శాఖలో ఉంచుకుని చూస్తారు. తర్వాత కలకత్తా దగ్గరున్న ప్రధాన కేంద్రం బేలూరు మఠంలో రెండేళ్ల శిక్షణ, ఆపైన బ్రహ్మచర్య దీక్ష, తెల్లబట్టలు. కాషాయం దక్కేసరికి సుమారు పదేళ్లు పడుతుంది. ఎక్కడికి పంపితే అక్కడికి పోవాలి. ఆస్పత్రిలో రిజిస్టర్లు రాయమన్నా, హాస్టల్ పిల్లలను చూసుకోమన్నా అదే సాధన. "ఆత్మనో మోక్షార్థం జగద్ధితాయ చ" అని వాళ్ల సూత్రం, అంటే తన మోక్షం కోసం, లోకం మేలు కోసం కూడా. నీ ఉత్తరంలో మొదటి సగమే కనిపించింది, రెండో సగం ఎక్కడా లేదు.

కాబట్టి మిర్యాలగూడ మిల్లులో పని ఇప్పుడే మానకు. సెలవు దొరికినప్పుడల్లా హైదరాబాద్ దోమలగూడ మఠానికి పో. చేరతానని మొదటి రోజే అడగొద్దు. చెప్పుల దగ్గర నిలబడు, వడ్డన చెయ్యి, హారతి అయ్యాక స్వాములు ఏ పనిలో పడతారో గమనించు. ఏడాది తర్వాత కూడా మనసు అక్కడే ఉంటే అప్పుడు అధ్యక్ష స్వామిని కలువు. చదువుకు తీసుకున్న బ్యాంకు అప్పు ఈలోగా తీర్చెయ్యి. ఆ భారం మీ నాన్న మీద పెట్టిపోవడం నాకు నచ్చదు.

మీ అమ్మకు చెప్పకుండా పోతానన్నావే, అదొక్కటే నన్ను బాధపెట్టింది. వివేకానందుడు తల్లిని మరిచాడనుకుంటున్నావా? రాజస్థాన్‌లోని ఖేత్రీ రాజు అజిత్ సింగ్ కలకత్తాలోని ఆయన ఇంటికి నెలనెలా 100 రూపాయలు పంపేవాడు. తల్లికి ఆ సాయం ఆగకూడదని స్వామి స్వయంగా రాజును కోరాడు. ఆమెను తీర్థయాత్రకూ తీసుకెళ్లాడు.

నువ్వే చెప్పు, పొద్దున పూట, మీ అమ్మ తీరిగ్గా ఉన్నప్పుడు. ఏడిస్తే లేచిపోకు, పక్కనే కూర్చో. నేను ముందుగా ఫోన్ చేయను. చెప్పానని నువ్వు కబురు పెట్టిన రోజే నల్లగొండ నుంచి బస్సెక్కి వస్తాను, మీ నాన్నతో నేను మాట్లాడతాను.

మీ మామ