మేపుల్ రసం కాచడానికి ఇంట్లో కట్టుకునే కట్టెల పొయ్యి

సందేహం: మాది అనకాపల్లి దగ్గర పల్లె. ఇప్పుడు అమెరికాలోని వెర్మాంట్‌లో స్థిరపడ్డాం. ఇంటి వెనుక పాతిక షుగర్ మేపుల్ చెట్లు (కాండం నుంచి కారే తీపి రసాన్ని కాచి పాకం చేసుకునేవి) ఉన్నాయి. కిందటి సీజనులో సిమెంటు దిమ్మెలు పేర్చి, వాటిపై హోటళ్ళలో వడ్డనకు వాడే స్టీలు ట్రేలు మూడు పెట్టి రసం కాచాను. గంటకు 8 లీటర్లు కూడా ఆవిరి కాలేదు. పాకానికి పొగ వాసన పట్టింది, దిమ్మెలు పగిలిపోయాయి. ఈసారి సరైన పొయ్యి కట్టుకోవాలంటే ఏం చేయాలి? మా ఊరి బెల్లం పొయ్యి పద్ధతి ఇక్కడ పనికివస్తుందా?

సలహా: ముందుగా మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే మీ ఇబ్బందికి మూలం అక్కడే ఉంది. చెరకు రసంలో నూటికి 16 నుంచి 20 పాళ్ళ తీపి పదార్థం ఉంటుంది కాబట్టి లోతైన పెనంలో నిండుగా పోసి కాచినా కొన్ని గంటల్లో బెల్లం దిగుతుంది. మేపుల్ రసంలో చక్కెర సుమారు 2 శాతం మాత్రమే. 86ను చక్కెర శాతంతో భాగిస్తే ఒక లీటరు పాకానికి ఎన్ని లీటర్ల రసం కావాలో వస్తుందన్నది అక్కడి రైతుల పాత లెక్క. ఆ ప్రకారం మీకు 43 లీటర్లు కావాలి. అంటే మీరు చేస్తున్నది పాకం వండడం కంటే నీళ్ళను ఆవిరి చేయడమే. అందుకే లోతైన పెనం వద్దు. వెడల్పుగా, పల్చగా పరుచుకునే పెనం కావాలి.

అడుగు చదునుగా ఉన్న పెనంలో మంట బాగా అందితే చదరపు అడుగుకు గంటకు 3 నుంచి 4 లీటర్ల నీరు ఆవిరవుతుంది. మీ మూడు ట్రేలు కలిపి సుమారు 5 చదరపు అడుగులు కాబట్టి 15 లీటర్లైనా పోవలసింది; సగమే పోయిందంటే మిగతా వేడి ట్రేల సందుల్లోంచి, దిమ్మెల మధ్య నుంచి బయటికి పోయిందన్నమాట. ఆ సందుల్లోంచి వచ్చిన పొగే మీ రసం మీద తిరిగింది. పాతిక చెట్లకు చెట్టుకొక గాటు (రసం కారేందుకు కాండానికి చేసి కుళాయి బిగించే రంధ్రం) చొప్పున, మంచి రోజున 120 లీటర్ల దాకా రసం వస్తుందనుకుంటే, 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు ఉన్న ఒకే పెనంతో ఐదు గంటల్లో పని ముగుస్తుంది. ఇంతకంటే పెద్దది కట్టాలని ఉబలాటపడవద్దు. పెనం అడుగు కప్పడానికి చాలినంత రసం లేని రోజున పెద్ద పెనం మాడుతుంది.

పెనాన్ని ఆహారానికి పనికివచ్చే స్టెయిన్‌లెస్ స్టీలుతో, 8 అంగుళాల అంచులతో, వెల్డింగు చేయించండి. సీసం కలిసిన టంకం, జింకు పూత రేకు రెండూ వద్దు. పాత పెనం చవగ్గా దొరికినా అతుకులకు సీసం వాడారేమో పరీక్షించాకే కొనండి.

పొయ్యికి అక్కడివారు తరచుగా ఇంటిని వెచ్చబెట్టే ఇంధన నూనె నింపి వాడి వదిలేసిన ట్యాంకును కోసి వాడతారు. పద్ధతి మంచిదే గాని, లోపల మిగిలిన ఆవిరికి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది; కాబట్టి ఆ కోత పని మీరు స్వయంగా చేయవద్దు, తెలిసినవారి చేత శుభ్రం చేయించి కోయించండి. ఇనుప కోణాలతో చట్రం చేసి రేకు బిగించుకున్నా సరిపోతుంది. ఏ పద్ధతిలో కట్టినా లోపలి గోడలకు వేడికి తట్టుకునే అగ్ని ఇటుక (ఫైర్ బ్రిక్) తప్పనిసరి. మామూలు సిమెంటు దిమ్మెలోని తేమ వేడికి ఆవిరై దిమ్మెను పగలగొడుతుంది. మీకు జరిగింది అదే.

ముందు సగం మంటగది. దాని అడుగున ఇనుప చువ్వల జల్లెడ ఉండాలి, గాలి కింది నుంచే రావాలి. వెనుక సగంలో నేలను ఏటవాలుగా పైకి లేపి, పెనం అడుగుకూ దానికీ మధ్య రెండు మూడు అంగుళాల సందు మిగల్చండి. ఈ ఏటవాలు లేని పొయ్యిలో మంట కింద నుంచే గొట్టంలోకి పోతుంది, పెనాన్ని తాకదు. ఇంట్లో కట్టుకునేవారు ఎక్కువగా తప్పేది ఇక్కడే. పొగగొట్టం పెనం పొడవుకు రెట్టింపు ఎత్తుండాలన్నది వాడుక, మీకు 8 అడుగులు. పెనం అంచుకూ పొయ్యికీ మధ్య వేడికి తట్టుకునే సిరామిక్ తాడు పరిస్తే పొగ పైకి రాదు.

కట్టెల మాట కొంత వివరంగా చెప్పాలి. చల్లని రసం ఒక లీటరును కాచి ఆవిరి చేయడానికి సుమారు 2.6 మెగాజౌళ్ళ వేడి పడుతుంది. బాగా ఎండిన కట్టె కిలోకు 15 మెగాజౌళ్ళ దాకా ఇస్తుంది, అందులో మూడో వంతు పెనానికి చేరితే గొప్ప. ఆ లెక్కన కిలో కట్టెకు రెండు లీటర్లు. పచ్చికట్టె వేస్తే వేడిలో చెప్పుకోదగ్గ భాగం దానిలోని నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఏడాది పైగా ఎండినవి, మణికట్టు లావున చీల్చినవి, ఏడెనిమిది నిమిషాలకొకసారి కొద్దికొద్దిగా వేసి తలుపు వెంటనే మూయండి. కట్టె ఎండి ఉంటే గాలి కొట్టే పంకా అవసరం లేదు. ఎండకపోతే పంకా పెట్టినా ప్రయోజనం తక్కువ.

కాచేటప్పుడు పెనంలో రసం అంగుళంన్నర నుంచి రెండంగుళాలు ఉండాలి, అంగుళం కంటే దిగనివ్వకూడదు. చల్లటి రసం కుమ్మరిస్తే మరుగు ఆగుతుంది. పెనం పక్కన, ఆవిరి తగిలేచోట కుళాయి ఉన్న చిన్న పాత్ర పెట్టి, అందులో వేడెక్కిన రసాన్ని సన్నని ధారగా వదలండి. నురుగు పొంగితే చిటికెడు వెన్న చాలు. మరుగుతున్న పెనాన్ని వదిలి వెళ్ళవద్దు.

చివరి పాకం మాత్రం ఇంట్లో గ్యాసు పొయ్యిపై చేయండి. బెల్లానికి 118 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకువెళ్ళే అలవాటు మీకు ఉంటుంది. ఇది అంత పోకూడదు. ఆ రోజు మంచినీరు ఎంత వేడికి మరుగుతుందో కొలిచి, దానికి 4 డిగ్రీల సెల్సియస్ కలపండి, అదే దింపవలసిన వేడి. అప్పుడు చక్కెర 66, 67 శాతం ఉంటుంది. అడుగున పేరుకునే సన్నని ఇసుకలాంటిది రసంలోని ఖనిజ లవణాలే. వేడిగా ఉండగానే మందపాటి ఉన్ని వడపోత గుడ్డలో వడకట్టి, 82 డిగ్రీలకు తగ్గకుండా సీసాలలో నింపి మూత బిగించండి.

రసాన్ని పాలలాగే చూడాలి: చల్లగా ఉంచి ఒకటి రెండు రోజుల్లోనే కాచండి. రాత్రి డబ్బాలో పైన గడ్డకట్టిన మంచును తీసి పారేస్తే, అందులో చక్కెర తక్కువే కాబట్టి, కట్టె ఖర్చు కొంత తగ్గుతుంది. చెట్ల మొగ్గలు ఉబ్బడం మొదలయ్యాక వచ్చే రసంతో పాకానికి వెగటు రుచి వస్తుంది. అప్పటికి గాట్ల నుంచి కుళాయిలు తీసేయండి.