చిన్న చేపలు పడుతున్నాయి, పెద్దవి మాత్రం గాలానికి రావట్లేదు. ఏం మార్చాలి?

మీరు అడిగింది ఇదీ: సరస్సులో పెద్ద చేపలు ఉన్నాయని తెలుసు, నీటి మీద ఎగరడం కూడా చూశారు, కానీ పడేవన్నీ చిన్నవే, ఎర మార్చాలా లేక రాడ్ మార్చాలా అని. చాలా ఏళ్లుగా పెద్ద చేపల కోసమే గాలం వేస్తున్నాను కాబట్టి సూటిగా చెప్తాను. ముందు మీరు కూర్చునే చోటు మార్చండి, ఎర సంగతి ఆ తర్వాత.

చాలామంది ఒడ్డున నీడ ఉన్న చోటో, కూర్చోడానికి వీలున్న చోటో చూసుకుని అక్కడే గాలం వేస్తారు. పెద్ద చేప ఉండేది లోతు ఒక్కసారిగా పెరిగే అంచుల దగ్గర, మునిగిన చెట్ల పక్కన, నాచు ఆగిపోయే గీత వెంట, ఆనకట్ట కట్టిన జలాశయమైతే అడుగున ఉన్న పాత ఏటి దారి వెంబడి. ఇవి పై నుంచి కనిపించవు. అందుకే కొత్త చోటుకి వెళ్తే నేను మొదట కొక్కెం కట్టను. లైన్ చివర సీసం గుండు ఒక్కటే కట్టి, దూరంగా విసిరి, మెల్లగా లాక్కుంటూ వస్తాను. మెత్తటి బురద అయితే గుండు అతుక్కున్నట్టు బరువుగా వస్తుంది, గులకరాళ్లయితే రాడ్ కొసదాకా టకటకమని తెలుస్తుంది. ఒక పూటంతా దీనికే పోయినా నాకు బాధ ఉండదు, ఎందుకంటే ఆ తర్వాత గాలం ఎక్కడ వేయాలో ఊహించుకునే పని ఉండదు.

పెద్ద చేప అంటే అన్నిటికంటే లోతైన చోటే ఉంటుందని అనుకోకండి. ఎండాకాలంలో లోతైన సరస్సుల్లో పైన వెచ్చటి నీరు, కింద చల్లటి నీరు రెండు పొరలుగా విడిపోయి కలవకుండా ఉంటాయి. కింది పొరలో కుళ్లే చెత్త ఆక్సిజన్‌ని తినేస్తుంది, పై నుంచి కొత్త గాలి అందదు. అలాంటప్పుడు అట్టడుగున ఎర వేసి గంటలు కూర్చోవడం వృథా. గాలి కూడా చూసుకోండి. ఒకే వైపు కొంతసేపు గాలి వీస్తే పైనున్న వెచ్చటి నీరు, దాంతోపాటు ప్లాంక్టన్ (నీటిలో తేలే కంటికి ఆనని చిన్న జీవులు) ఎదుటి ఒడ్డుకి చేరతాయి, వాటి వెనకే చిన్న చేపలు, వాటి వెనక పెద్దవి. గాలి మొహానికి కొట్టే ఒడ్డున విసరడం కష్టమే, అయినా నేను అక్కడే కూర్చుంటాను. తెల్లవారుజామున, పొద్దు వాలాక, రాత్రి. మిట్టమధ్యాహ్నం మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

ఇక ఎర. చిన్న చేపలు మింగలేనంత పెద్దది, గట్టిది వేయాలి, లేకపోతే పెద్దది వచ్చేలోపే అవి ఖాళీ చేస్తాయి. బంగారు తీగ లాంటి కార్ప్ చేపల కోసమైతే నానబెట్టి ఉడికించిన శనగలు, మొక్కజొన్న బాగా పని చేస్తాయి. వాటిని కొక్కానికి గుచ్చకుండా పక్కన చిన్న దారానికి వేలాడదీయండి. దీన్ని హెయిర్ రిగ్ అంటారు, 1980 ప్రాంతంలో బ్రిటన్‌లో కెవిన్ మాడక్స్, లెనీ మిడిల్‌టన్ అనే ఇద్దరు తీసుకొచ్చిన పద్ధతి. ఎర విడిగా ఉంటుంది కాబట్టి అనుమానం లేకుండా నోట్లోకి లాక్కుంటుంది, కొక్కెం పెదవికి దిగుతుంది. కొన్ని రోజులు వరుసగా అదే చోట, అదే వేళకి, కొంచెం కొంచెం మేత వేసి అలవాటు చేయండి. బొచ్చె మాత్రం వేరే, అది ఎక్కువగా పై నీటిలో, మధ్య నీటిలో మేస్తుంది, దానికి అడుగున ఎర వేస్తే లాభం లేదు. వేటాడే చేపలకైతే ఎర చేపే పెద్దదిగా ఉండాలి. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిత పట్టిన లార్జ్‌మౌత్ బాస్ అనే వేటాడే చేప 10 కిలోలు దాటింది, 1932లో అమెరికాలో జార్జ్ పెర్రీ పేరున ఉన్న రికార్డుతో సమానంగా నమోదైంది. కురిత వేసిన ఎర బతికున్న బ్లూగిల్ అనే చిన్న చేప.

సామాను గురించి ఒక్క లెక్క గుర్తుంచుకోండి: ఒకే జాతిలో, ఒకే ఆకారం ఉన్న చేప పొడవు పావు వంతు పెరిగితే బరువు దాదాపు రెట్టింపు అవుతుంది. అందుకే చిన్న చేపలకి ఆగిన ముడి పెద్దదానికి ఆగదు. ముడి బిగించే ముందు తడపండి, చివరి రెండు మీటర్ల లైన్‌ని వేళ్లతో తడిమి గీతలు ఉంటే కోసేయండి. డ్రాగ్‌ని, అంటే చేప లాగినప్పుడు రీల్ ఎంత బిగువు మీద లైన్ వదలాలో పెట్టే బిగింపుని, లైన్ బలంలో మూడో వంతు దాటనివ్వకండి. మొదటి పరుగుని ఆపాలని చూడకండి, పోనివ్వండి.

పడ్డాక వదిలేయమని నా గట్టి మాట. చాలా జాతుల్లో బాగా పెద్దవి ఎక్కువగా వయసు మీరిన ఆడ చేపలే, ఎక్కువ గుడ్లు పెట్టేవి కూడా అవే. చేతులు తడి చేసుకుని పట్టుకోండి, పొడి చేతులకి ఒంటి మీది జిగురు ఊడిపోతుంది. మొప్పల్లో వేళ్లు పెట్టి ఎత్తొద్దు, నిలువుగా వేలాడదీయొద్దు, పొట్ట కింద చెయ్యి ఉండాలి. ఫొటో కావాలంటే కెమెరా ముందే సిద్ధంగా పెట్టుకోండి, చేప నీటి బయట ఎక్కువసేపు ఉండకూడదు. నీరు బాగా వేడెక్కిన రోజుల్లో అసలు పెద్ద చేపల జోలికి వెళ్లకపోవడమే మంచిది, అలసిపోయాక కోలుకోవడానికి వాటికి ఆక్సిజన్ చాలదు.

మీ సరస్సు లోతు ఎంత, ఏ చేప కోసం చూస్తున్నారు అనేది కింద రాయండి, ఎర ఎలా కట్టాలో వివరంగా చెప్తాను.