యాక్సెస్ ఫారంలో గడులు వరుసకు రావాలంటే మౌస్ వదలండి

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలో ఫారం చేస్తుంటే, వివరాలు నింపే గడుల్ని, అంటే టెక్స్ట్ బాక్సుల్ని, మౌస్‌తో ఎంత జరిపినా ఒక వరుసకు రావట్లేదని అడిగారు. ఆ జరపడమే మానేయండి. కోచింగ్ సెంటర్లలో పట్టుకో, లాగు, వదులు అని తప్ప ఇంకేమీ నేర్పరు.

ఫారం రూపాన్ని మార్చుకునే డిజైన్ వ్యూలో పైనున్న రూలర్ మీద క్లిక్ చేస్తే ఆ గీత మీద నిలువునా ఉన్న కంట్రోల్సన్నీ (గడులు, లేబుళ్ళ లాంటివి) సెలెక్ట్ అవుతాయి. వాటి కొలతలు కనబడే ప్రాపర్టీ షీట్‌లో లెఫ్ట్ (ఎడమ అంచు నుంచి దూరం) దగ్గర ఒకే అంకె కొట్టండి, విడ్త్‌కీ (వెడల్పు) అంతే. అలైన్ లెఫ్ట్ బటన్ ఉంది గానీ, అన్నిటికంటే ఎడమకున్నదాని వెంట మిగతావి పోతాయి. ఆ ఒక్కటీ వంకరగా ఉంటే అన్నీ అక్కడికే చేరతాయి. మధ్య ఎడం కోసం అరేంజ్ ట్యాబ్‌లో సైజ్/స్పేస్ కింద ఈక్వల్ వర్టికల్ చాలు.

తెలుగు లేబుళ్ళయితే హైట్ కాస్త పెంచండి. లేదంటే 'క్వింటాళ్ళు'కి కింద ఒత్తులు తెగి 'కింటాళు' అని కనబడుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే ఎత్తులో మన లిపిని ఇరికించి వదిలేసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

వరుస కుదరగానే పని అయిపోయిందనుకోకండి. ఒక రైస్ మిల్లులో ధాన్యం కొనుగోలు ఫారం చూశాను. ఎవరో గడులన్నీ చక్కగా సర్దారు: రైతు పేరు, ఊరు, బస్తాలు, తేమ, రేటు. ట్యాబ్ ఆర్డర్, అంటే ట్యాబ్ మీట నొక్కితే కర్సర్ ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్ళే క్రమం, మాత్రం పాతదే. కంట్రోల్‌ని ఎక్కడికి జరిపినా దాని ట్యాబ్ ఇండెక్స్ (ఆ క్రమంలో దాని నంబరు) మారదు మరి. కౌంటర్లో అమ్మాయి ఎడంచేత్తో చీటీ పట్టుకుని, స్క్రీన్ వైపు చూడకుండా కుడిచేత్తో అంకెలు కొడుతోంది. బస్తాల తర్వాత ట్యాబ్ కొడితే కర్సర్ తేమని దాటేసి రేటులోకి దూకింది. తేమ 17 వెళ్ళి రేటులో కూర్చుంది. "ఇక్కడ షిఫ్ట్ ట్యాబ్‌తో వెనక్కి రావాలి సార్, ఒక్కోసారి మర్చిపోతుంటానండి" అంది, తప్పు తనదే అయినట్టు. రోజంతా ఆ పనిలో ఉండేది ఆవిడ. ఫారం ఆవిడ చేతికి అనుకూలంగా ఉండాలి గానీ, ఓనరుకి చూపించడానికి రంగులూ లోగోలూ ఎందుకు?

అందుకే సర్దాక ట్యాబ్ ఆర్డర్ తెరిచి ఆటో ఆర్డర్ నొక్కండి. మీ ఫారంలో రెండు నిలువు వరుసలుంటే మాత్రం దాన్ని నమ్మకండి. అది ఎడమనుంచి కుడికి వెళ్ళి, తర్వాత కిందికి దిగుతుంది. అప్పుడు ట్యాబ్ ఆర్డర్ జాబితాలో కంట్రోల్స్ పేర్లని మీరే పైకీ కిందికీ జరుపుకుని, ఒక నిజం చీటీ పక్కన పెట్టుకుని, స్క్రీన్ చూడకుండా కొట్టి చూడండి.