పేరు కనబడకపోతే కాగితం వెతుకు

చిరంజీవికి,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికాలో లైంగిక నేరస్థుల రిజిస్ట్రీలో, అంటే శిక్ష పడ్డవాళ్ల ప్రభుత్వ జాబితాలో, ఒక సంపన్నుడి పేరు లేదని చూసి నీకు వచ్చిన కోపం చదువుతుంటే నాకూ వచ్చింది. దాన్ని చల్లారనివ్వకు. కానీ మూడో పేరాలో 'డబ్బిచ్చి పేరు తీయించేశారు' అన్నావే, అక్కడ ఆగిపోయాను. ఎవరు తీయించారు? తీసిందెవరు? మన భాషలో కర్త లేకుండానే క్రియ హాయిగా నడిచిపోతుంది. కబుర్లలో అది సొగసే. ఆరోపణ చేసేటప్పుడు మాత్రం మనకు తెలియనిదంతా ఆ ఖాళీలోనే దాక్కుంటుంది.

అమెరికా ధనవంతుడు జెఫ్రీ ఎప్‌స్టీన్ సంగతే తీసుకో. 2008లో ఫ్లోరిడాలో లైంగిక నేరానికి శిక్ష పడ్డాక న్యూయార్క్‌లోనూ అతని పేరు రిజిస్ట్రీలో నమోదు కావాల్సి వచ్చింది. మళ్లీ నేరం చేసే ప్రమాదాన్ని బట్టి అక్కడ మూడు స్థాయిలున్నాయి. రెండు, మూడు స్థాయిల వాళ్ల వివరాలు ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. ఒకటో స్థాయి వాళ్లవి అందులో పెట్టరు. ఆ ప్రమాదాన్ని లెక్కగట్టే రాష్ట్ర బోర్డు అతనికి 130 పాయింట్లు వేసింది. మూడో స్థాయికి 110 చాలు. స్థాయి ఖరారు చేయడానికి 2011 జనవరిలో కోర్టులో విచారణ జరిగింది. ఒకటో స్థాయి ఇమ్మని అడిగింది అతని లాయర్లు మాత్రమే కాదు, ప్రాసిక్యూషన్ తరఫున నిలబడిన మాన్‌హటన్ డిస్ట్రిక్ట్ అటార్నీ కార్యాలయం కూడా! జడ్జి రూత్ పిక్‌హోల్జ్ నివ్వెరపోయారు. ప్రాసిక్యూటర్లు ఇలా అడగడం తానెన్నడూ చూడలేదని చెప్పి, మూడో స్థాయే ఖరారు చేశారు.

ఆవిడ సరేనని ఉంటే ఏమయ్యేదో ఊహించు. పేరు ఆ సైటులోకి ఎక్కేదే కాదు. ఎవరూ దొంగచాటుగా డేటాబేస్‌లో వేలు పెట్టనక్కర్లేదు, ఏ గుమాస్తా చేతులూ తడపనక్కర్లేదు. నిండు కోర్టులో, ప్రతి మాటా రికార్డవుతుండగానే పని అయిపోయేది. కొన్నేళ్లకు ఎవరో వెతికి, పేరు లేదని చూసి, 'తీయించేశారు' అని రాసేవాళ్లు. అసలు జరిగింది ఆ విచారణ ప్రతిలో ఎవరూ చదవకుండా పడి ఉండేది. ఒక్క జాగ్రత్త: ఎవరు ఏమడిగారో ఆ ప్రతి చెబుతుంది, ఎందుకడిగారో చెప్పదు. ఎప్‌స్టీన్ అప్పీలు నాటికి అటార్నీ కార్యాలయం తన వాదన మార్చుకుంది. అది కూడా రాస్తేనే నీ మాట నిలుస్తుంది.

డబ్బున్నవాళ్ల పలుకుబడి పనిచెయ్యదని నేననడం లేదు. పనిచేస్తుంది, చాలాసార్లు ఫీజు కట్టి, రసీదు తీసుకుని మరీ పనిచేస్తుంది. వినియోగదారులు ప్రమాదకరమైన వస్తువుల గురించి ఫిర్యాదు చేసే సేఫర్‌ప్రొడక్ట్స్ డేటాబేస్‌ను అమెరికా ప్రభుత్వం 2011లో తెరిచింది. ఫిర్యాదు బయటికి రాకముందే తయారీదారుకు పంపాలి, అభ్యంతరం చెప్పుకునే వ్యవధి ఇవ్వాలి. అది చట్టంలోనే ఉంది. ఆ ఏడాదే ఒక కంపెనీ, ఒక పసిబిడ్డ మరణంతో తన వస్తువును ముడిపెట్టిన ఫిర్యాదును ఆపాలని మేరీలాండ్‌లోని ఫెడరల్ కోర్టుకెళ్లింది. అసలు పేరు కూడా చెప్పకుండా, 'కంపెనీ డో' అన్న మారుపేరుతో! కోర్టు ఫిర్యాదును ఆపింది, కేసు కాగితాలనూ ఎవరూ చూడకుండా మూసేసింది. వినియోగదారుల సంఘాలు పోరాడితే 2014లో అప్పీలు కోర్టు ఆ గోప్యతను కొట్టేసింది. ఆ సంఘాల వాళ్లు 'ఎవరో ఏదో చేశారు' అనుకుంటూ కూర్చుని ఉంటే ఆ కాగితాలు ఈనాటికీ మూసే ఉండేవి.

అందుకే పుకారంటే నాకు అంత బాధ. పుకారు శక్తిమంతులకు కోపం తెప్పించదు, పనికొస్తుంది. రుజువు లేని నీ ఒక్క వాక్యాన్ని పట్టుకుని మిగతా వ్యాసమంతా కొట్టిపారేస్తారు. ఆ రిజిస్ట్రీని నమ్ముకుని పిల్లల్ని బయటికి పంపే తల్లికి ఇక దేన్ని నమ్మాలో తోచదు. ఎప్‌స్టీన్ బాధితులు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది ఊహలు కాదు, తేదీలు, ఇళ్లు, మనుషులు.

మూడో పేరా కొట్టెయ్యకు. నువ్వు రాసిన మనిషిది ఏ రాష్ట్రమో, అక్కడి చట్టం ఎవరి పేర్లు చూపిస్తుందో ముందు చదువు. న్యూ మెక్సికోలో ఎప్‌స్టీన్‌కు పెద్ద రాంచ్ (పశువుల క్షేత్రం) ఉన్నా, అక్కడ నమోదు అక్కర్లేదన్నారు. చట్టంలోని తేడా అది. నీ మనిషి విషయంలోనూ అలాంటిదే దొరికితే, ఆ చట్టం మీదే నీ కోపమంతా పెట్టి రాయి. స్థాయి తగ్గించమని ఎవరైనా అడిగినట్టు దొరికితే, ఆ వాక్యానికి కర్తను పెట్టు, తేదీ పెట్టు. రాయడం అయ్యాక పంపు, వచ్చిన రోజే చదువుతాను.

ఆశీస్సులతో.