మూడుసార్లు అబార్షన్ అయింది, జీన్ టెస్ట్ చేయించాలా?

ప్రశ్న: మేడమ్, నాకు 31. మూడుసార్లూ మూడో నెల రాకముందే గర్భం పోయింది. ఇప్పుడు ఒక క్లినిక్‌లో సైటోకైన్ జీన్ టెస్ట్ రాశారు, చాలా ఖరీదు. అత్తయ్యేమో లోపం నాలోనే ఉందంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
- ఓ పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఇందులో మీ తప్పేమీ లేదమ్మా, ఆ మాట అత్తయ్యగారికీ చదివి వినిపించండి. సైటోకైన్లంటే రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేతాలు. టీఎన్ఎఫ్ లాంటివి ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు, మంట) పెంచితే ఐఎల్-10 తగ్గిస్తుంది, బిడ్డలో సగం తండ్రి జన్యువులే కాబట్టి తల్లి రోగనిరోధక వ్యవస్థ బిడ్డను పరాయిగా చూడకుండా ఉండటానికి ఈ సర్దుబాటు ముఖ్యమే. కానీ ఈ జీన్లలో చిన్నచిన్న తేడాలు ఆరోగ్యంగా కాన్పైనవాళ్లలోనూ ఉంటాయి, పరిశోధనల్లో కొన్ని అబార్షన్లతో సంబంధం ఉందన్నాయి, కొన్ని లేదన్నాయి. అందుకే యూరప్ నిపుణుల సంఘం ఈష్రే ఈ టెస్ట్ వద్దనే అంటోంది. తేడా బయటపడినా దానికంటూ రుజువైన మందు లేదు మరి.

ముందు యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల (రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచే యాంటీబాడీలు) రక్తపరీక్ష చేయించండి. పాజిటివ్ వస్తే 12 వారాల తర్వాత మళ్లీ చూస్తారు, అప్పుడూ వస్తే ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లతో చాలామందికి గర్భం నిలుస్తోంది. థైరాయిడ్ రక్తపరీక్ష, గర్భాశయం స్కాన్ కూడా చేయించుకోండి. పాత రిపోర్టులన్నీ తీసుకుని మీవారితో కలిసే వెళ్లండి.