తాతగారి పేరు జనాభా లెక్కల్లో దొరుకుతుందా?

ప్రశ్న: టొరంటోలో మా అబ్బాయి, తన ఇంట్లో 1921లో ఎవరున్నారో జనాభా లెక్కల్లో చూశాడట! అలా అందరికీ చూపిస్తారా? మా తాతగారి వివరాలు ఇక్కడ దొరుకుతాయా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చూపిస్తారమ్మా, కానీ అది ఊరికే రాలేదు. 1906 నుంచి సేకరించిన వివరాలను రహస్యంగా ఉంచుతామని మాటిచ్చామంటూ కెనడా గణాంక శాఖ బీరువాకు తాళం వేసింది. వంశవృక్షాలు రాసుకునేవాళ్లు ఊరుకోలేదు. సంతకాలు సేకరించి పార్లమెంటుకు పంపుతూనే ఉన్నారు. సెనేటర్ లోర్నా మిల్న్ బిల్లు మీద బిల్లు పెట్టారు. చివరికి 2005లో చట్టమొచ్చింది: 92 ఏళ్లు దాటితే ఎవరైనా చూడొచ్చు. 1921 కాగితంలో పేరు, వయసుతో పాటు ఇంటి అద్దె, గదులెన్నో కూడా ఉంటాయి. పక్కింటివాళ్ల అద్దె తెలుసుకోవాలన్న సరదా మనకొక్కరికే కాదన్నమాట!

ఆ చట్టంలో ఒక మెలిక: 2006 నుంచి 'మీ వివరాలు 92 ఏళ్ల తర్వాత ఇవ్వొచ్చా?' అని ఇంటింటా అడిగారు. చాలామంది వద్దన్నారు. 2017లో ఆ ప్రశ్న తీసేశారు. నా మట్టుకు అదే సబబు.

మన దగ్గర 1948 జనాభా లెక్కల చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ ఫారాలు ఎవరికీ చూపించరు, ఇన్నేళ్ల తర్వాత తెరుస్తామన్న గడువూ లేదు. తాతగారి కోసం పాత దస్తావేజుల నకళ్లు, ఆయన చదివిన బడి అడ్మిషన్ రిజిస్టరు వెతికించండి.